ఎక్కడో లూజు కాంటాక్టు!

గోదావరి మీద పాపికొండల విహారానికి లాంచీ ఎక్కినవారికి ఈ దృశ్యం పరిచితమే. పై అంతస్తులో కుర్చీలు ప్రక్కకు జరిపి యువకులు చిందులు వేస్తూ వుంటారు. సౌండు బాక్సుల మోత ఆ కొండకు తగిలి ఈ కొండకు మారుమ్రోగుతూ వుంటుంది. పాట మంచి ఊపు మీద వుండగా ఠక్కున ఆగిపోతుంది. అందరూ ఒక్కసారిగా "ఓ..." అని అరుస్తారు. సెట్టు దగ్గరి కుర్రవాడు దాని నెత్తిన అరచేతితో రెండు దెబ్బలు వేస్తాడు. పాట వస్తుంది. పది నిమిషాలకు మళ్ళీ ఆగుతుంది. ఈసారి సరంగు చుక్కాని వదలకుండానే మెడ త్రిప్పి, "ఎక్కడో లూజు కాంటాక్టురా, వైరు కదుపు" అంటాడు. వైరు కదుపుతారు. పాట వస్తుంది.

నా కయ్యం ఆ పాటతో కాదు, ఆ సరంగుతోనూ కాదు. "ఎక్కడో లూజు కాంటాక్టు" అనే ఆ మాటతో.

"ఎక్కడ" అన్నది ప్రశ్న. దాని చివర సందేహార్థకమైన ఓకారం చేర్చి "ఎక్కడో" అనగానే ప్రశ్న చచ్చి ఊరుకొంటుంది. జవాబు మాత్రం పుట్టదు. అయినా విన్నవారికి జవాబు దొరికినంత తృప్తి కలుగుతుంది. ఇంట్లో మిక్సీ ఆగినా, ట్యూబులైటు మిణుకుమిణుకుమన్నా, వీధిలో ఆటో కదలనని మొరాయించినా మనవారికి ఈ మంత్రమే. చెప్పినవాడు తెలిసినవాడైపోతాడు, విన్నవాడు సరేనని తల ఊపుతాడు, దోషం మాత్రం తన చోట తాను సుఖంగా కూర్చుని వుంటుంది. మరమ్మతు చేసేవాని వృత్తిధర్మం ఆ ఓకారానికి లోపం చేయడమే అని నేనంటాను. అంతకు ముందు పుచ్చుకొన్న కూలి దేనికి కూలియో నాకు అర్థం కాదు.

వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవాడికి బ్యాటరీలతోను, తీగలతోను పని యేమని ఒక మిత్రులు ఇప్పటికే ఆక్షేపించారు. వారికి నా సమాధానం ముందుగానే చెబుతాను. ఒక కార్యానికి కారణం ఏదో, కారణంవలె కనబడుతూ కారణం కానిది ఏదో విడదీసి చెప్పడం మన తర్కశాస్త్రం పని. అన్నంభట్టు తర్కసంగ్రహం చదువుకొన్నవాడు ఘటానికీ పటానికీ మాత్రమే దానిని వాడి, ఆగిపోయిన సెట్టు ముందు నోరు మూసుకోవాలనే నియమం ఎక్కడా లేదు. ఘటం గురించి అంత వాదించినది కుండలు చేయడానికి కాదు కదా!

ఇక విషయానికి వస్తాను.

మా మేనల్లునికి ఒక విహారపు లాంచీలో వాటా వున్నది. రెండేళ్ళలో ఆ లాంచీలో మూడు సెట్లు మార్చారు. కార్లలో పెట్టుకొనే 12 వోల్టుల సెట్టే. దానికొక ఆంప్లిఫైయరు, నాలుగు బాక్సులు. ప్రతిసారీ ఒకే కథ. సెట్టు ఆగుతూ వుంటుంది. పట్నం నుండి మెకానిక్కు వస్తాడు. సెట్టు వెనుక తీగలకు చిన్న బల్బు పెట్టి చూస్తాడు. బల్బు వెలుగుతుంది. "కరెంటు వస్తోందండి. సెట్టే పోయింది. బాగు చేయించినా నిలవదు, కొత్తది వేసుకోండి" అంటాడు. కొత్తది వేస్తారు. రెండు మూడు వారాలు దివ్యంగా పాడుతుంది. తరువాత మళ్ళీ మొదలు. అప్పుడు సరంగు వేదాంతం చెబుతాడు: "గోదారి గాలికి ఏ సెట్టూ నిలవదండి, ఆయ్."

మొదటి రెండు సెట్ల సంగతి విని నేను ఏమీ అనలేదు. ఒక నిజం ఒప్పుకోవాలి. ఆ పాటలంటే నాకు పడదు. కార్తిక మాసంలో పేరంటాలపల్లికి పోతూ ఆ మోత వినవలసి రావడం పూర్వజన్మ పాపమని నమ్మేవాణ్ణి. సెట్టు ఆగినప్పుడల్లా లోలోపల సంతోషించినవాణ్ణి. ఆ సంతోషంలోనే నా తప్పు వున్నదని తరువాత తెలిసింది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో సెట్టు ఎప్పటివలెనే ఆగుతూ, పాడుతూ వున్నది. ఎండకు తాళలేక క్రింది అంతస్తులోకి దిగి, ఇంజను గదివైపు పోయాను. అక్కడ పనికుర్రవాడు ఒకడు, పదిహేడు పద్దెనిమిదేళ్ళవాడు, అడుగున చేరిన నీటిని బకెట్టుతో తోడి పోస్తున్నాడు. ఇంజను నుండి పంకాకు పోయే ఇరుసు దగ్గర కొద్దికొద్దిగా నీరు ఊరడం సహజమే. దానిని తోడటానికి కరెంటు పంపు వుంటుంది. నీరు ఒక మట్టానికి చేరగానే దానంతటది తిరుగుతుంది.

"పంపు లేదా నాయనా?" అన్నాను.

"ఉందండి మాస్టారూ. పాట పెట్టినప్పుడు సరిగ్గా లాగదండి. అందుకని నేనే తోడతానండి."

నాకు కాసేపు నోట మాట రాలేదు. "ఈ మాట ఎవరితోనైనా చెప్పావా?" అంటే, "నన్నెవరూ అడగలేదండి" అన్నాడు.

మెకానిక్కు చెప్పలేనిది, సరంగు గమనించనిది, వాటాదారులు వినగోరనిది ఆ కుర్రవాడు ఒక్క వాక్యంలో చెప్పాడు. పాట వున్నప్పుడు పంపు నీరసిస్తుంది. పాట లేనప్పుడు బాగా లాగుతుంది. అన్వయం, వ్యతిరేకం రెండూ అందులో వున్నాయి. ఇక సెట్టు చెడినదనే వాదం నిలువదు. చెడిపోయిన సెట్టు పంపును ఎందుకు నీరసింపజేయాలి? రెండింటినీ కుంగదీస్తున్న మూడవది ఒకటి వుండాలి. రెండింటికీ ఉమ్మడిగా వున్నది తీగ.

మా పాఠశాలలో భౌతికశాస్త్రం బోధించి నాతోపాటే విరమించుకొన్న మిత్రుని వెంటబెట్టుకొని, లాంచీ రేవులో ఖాళీగా వున్న రోజు చూసుకొని వెళ్ళాను. వారి సంచిలో ఒక మల్టీమీటరు తప్ప మరేమీ లేదు. (ఇక్కడ ఒక మాట. నేను తెలుగు పండితుణ్ణే అయినా వోల్టేజికి కొత్త పేరు పెట్టబోను. లాంచీలో పనిచేసేవారికి వోల్టేజి తెలుసు. తెలిసిన మాటను తీసివేసి తెలియని మాటను ఇవ్వడం భాషాసేవ కాదు. నిరోధం మాత్రం మన పాఠ్యపుస్తకాలలో స్థిరపడిన మంచి మాట గనుక అది వాడతాను.)

మా మేనల్లుడు మొదట విసుక్కొన్నాడు. "మావయ్యా, మీరు పాఠం చెబితే సెట్టు పాడుతుందా?" అన్నాడు. పాడదు. అయితే అది ఎందుకు పాడదో మాత్రం తెలుస్తుంది.

మొదట పాట లేకుండా కొలిచాము. బ్యాటరీ దగ్గర 12.5 వోల్టులు. లాంచీ ముందు భాగాన వున్న సెట్టు దగ్గర 12.4. మా మేనల్లుడు, "చూశారా, కరెంటు బాగానే వస్తోంది" అన్నాడు. మెకానిక్కు బల్బు చెప్పిన అబద్ధం ఇదే. తీగలో కోల్పోయే వోల్టేజి ఎంత అన్నది ఆ తీగ నిరోధం మీదనే కాక, అందులో పారే ప్రవాహం మీద కూడా ఆధారపడుతుంది. రెండింటి గుణకారమే నష్టం. అది ఓమ్ నియమం. పదవ తరగతి పిల్లవాడు వ్రాస్తాడు. ప్రవాహం లేనప్పుడు ఎంత చెడ్డ తీగ అయినా మంచి తీగవలెనే కనబడుతుంది. చిన్న బల్బు లాగేది ఎంత? ఎవరూ అప్పు అడగనంతకాలం అందరూ ధనవంతులే.

తరువాత పాట పెట్టించాము, బాగా హోరుగా. బ్యాటరీ దగ్గర 12.3. సెట్టు దగ్గర 9.8! డప్పు దెబ్బ పడినప్పుడల్లా ఇంకా క్రిందికి. చాలా సెట్లు 10 వోల్టుల చుట్టుప్రక్కలకు దిగగానే తమను తాము ఆపుకొంటాయి. అది రోగం కాదు. దాని నిర్మాణంలోనే వున్న ఆత్మరక్షణ. అంటే రెండేళ్ళుగా మేము పారవేసిన మూడు సెట్లూ తమ ధర్మం తాము నిర్వర్తించినవే.

రెండున్నర వోల్టులు ఎక్కడికి పోయాయి? ఇక్కడ మిత్రులు చేసిన పని నాకు ఏ మంచి పద్యానికి చేసిన అన్వయం కన్నా తక్కువగా కనబడలేదు. మీటరు ఒక ముల్లును బ్యాటరీ ధనధ్రువం మీద పెట్టించి, రెండవ ముల్లును పొడుగాటి తీగతో సెట్టు ధనధ్రువం మీద పెట్టారు. రెండూ ఒకే తీగకు రెండు కొసలు గనుక, పాట పాడుతుండగా మీటరు సున్నకు దగ్గరగా చూపాలి. 1.2 చూపింది. అదేవిధంగా ఋణధ్రువాల మధ్య కొలిచారు. 1.3 చూపింది. కలిపితే రెండున్నర. లెక్క పైసాతో సహా సరిపోయింది.

మొదటి 1.2కు కారణం కంటికి కనబడుతూనే వున్నది. బ్యాటరీ వెనుక, సెట్టు ముందు; మధ్య 12 మీటర్ల దూరం. అంత దూరానికి ఇళ్ళలో దీపాలకు వాడే 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగారు. ఆ రాగి తీగ నిరోధం వెయ్యి మీటర్లకు సుమారు 12 ఓములు. మన 12 మీటర్లకు 0.145. పాట హోరు మీద 8 ఆంపియర్లు లాగుతున్నది. గుణిస్తే 1.16. మీటరు అబద్ధం చెప్పలేదు. ఇంట్లో 230 వోల్టులలో ఒక వోల్టు పోతే ఎవరికీ పట్టదు. 12లో ఒకటి పోతే పన్నెండవ వంతు ఆస్తి పోయినట్లు. ఇంటికి పనికివచ్చే తీగ పడవకు పనికిరాకపోవడానికి ఈ ఒక్క భాగహారం చాలు.

రెండవదానికి కారణం వెదకవలసి వచ్చింది. ఋణధ్రువానికి అసలు వెనుకకు తిరిగిపోయే తీగే లేదు. సెట్టు నల్లతీగను దగ్గరలోని ఒక బోల్టుకు చుట్టి, లాంచీ ఇనుప దేహాన్నే తీగగా వాడుకొన్నారు. ఆటోలకూ కార్లకూ చేసే "బాడీ ఎర్తు" పద్ధతి తెచ్చి పడవకు తగిలించారు. బోల్టు విప్పితే క్రింద రంగు, రంగు క్రింద తుప్పు. పంపు నల్లతీగ కూడా ఆ బోల్టుకే. పంపు ఎర్రతీగను సెట్టుకు పోయే తీగలోంచి సగం దారిలో తీశారు. పైతొడుగు గీరి, మెలిపెట్టి, నల్లటేపు చుట్టారు. టేపు విప్పితే రాగి పచ్చగా పుచ్చి వున్నది.

పంపును కొలిచాము. పాట లేనప్పుడు దానికి 11.5 వోల్టులు అందుతున్నాయి. పాట హోరు మీద 9.4. మోటారు తిరుగుతూనే వున్నది, మూలుగుతూ. 12 వోల్టులకు చేసిన పంపు 9.4కు అంత నీటిని ఎత్తిపోయలేదు. పంపు తిరిగిన క్షణాన సెట్టుకు 9 వోల్టులు కూడా మిగలక పాట ఆగిపోతున్నది. పాట ఆగగానే పంపుకు ప్రాణం లేచివస్తున్నది. పైన జనం "ఓ" అని అరిచిన ప్రతిసారీ అడుగున ఆ పంపు ఊపిరి పీల్చుకొన్నదన్నమాట!

ఈ మాట నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వలేదు. పాట ఆగితే వందమంది వింటారు. పంపు నీరసిస్తే వినేవారు లేరు. పడవ తన అడుగున వున్న బాధను చెప్పుకోవడానికి దానికి దొరికిన నోరు ఆ సెట్టు ఒక్కటే. ఆయుర్వేదంలో రోగం పూర్తిగా బయటపడకముందు కనిపించే గుర్తులను పూర్వరూపం అంటారు. మనం పూర్వరూపం కనబడిన ప్రతిసారీ కొత్త సెట్టు తెచ్చి దాని నోరు నొక్కాము. నేనైతే సెట్టు ఆగినందుకు సంతోషించి మరొక విధంగా నొక్కాను.

ఇప్పుడు ప్రతిపక్షుల వాదాలు ఒకటొకటిగా చూద్దాము.

"సెట్టు ఆగినది, కనుక సెట్టు చెడినది" అన్నది మెకానిక్కు అనుమానం. దీనిలో హేతువు సవ్యభిచారం. మంచి సెట్టు కూడా తీగ పీకితే ఆగుతుంది. ఆగడం అనేది చెడినదానిలోనూ, చెడనిదానిలోనూ కనబడుతున్నప్పుడు దాని నుండి చెడిపోవడాన్ని సాధించడం ఎట్లా? పొగ కనుక నిప్పు అనవచ్చు. పొగమంచు చూసి నిప్పు అంటే పనికిరాదు.

"కొత్త సెట్టు వేస్తే పాడింది కదా, అంతకన్న ఋజువేమి కావాలి?" అన్నది వాటాదారుల వాదం. ఇది మొదటి దానికన్న బలంగా కనబడుతుంది. నన్ను కూడా కొంత తికమక పెట్టింది. కాని సెట్టు మార్చేటప్పుడు మెకానిక్కు ఏమేమి చేస్తాడో చూడండి. పాత తీగల కొసలు విప్పుతాడు. కత్తితో గీరుతాడు. బోల్టు విప్పి మళ్ళీ గట్టిగా బిగిస్తాడు. అంటే తనకు తెలియకుండానే దోషాన్ని పావువంతు బాగు చేస్తాడు. ఆ బిగింపు ఇంజను అదురుకు వదులై, నదిగాలికి పుచ్చేదాకా రెండు మూడు వారాలు పాట బాగుంటుంది. ఫలితం ఇచ్చినది బిగింపు. కీర్తి పొందినది కొత్త సెట్టు. తార్కికులు దీనిని అన్యథాసిద్ధం అన్నారు. కుండ తయారైన చోట మట్టి మోసిన గాడిద కూడా వున్నది. అందువల్ల గాడిద కుండకు కారణం కాదు. మా లాంచీలో మూడు గాడిదలను కొన్నాము.

"గోదారి గాలికి ఏ సెట్టూ నిలవదు" అన్న వేదాంతానికి జవాబు ఇంకా సులభం. గాలి ఆ లాంచీలోని దీపాలకూ, ఇంజనుకూ, సరంగు జేబులోని సెల్‌ఫోనుకూ ఒక్కటే. తేమ రాగిని పుచ్చిస్తుంది, నిజమే. కాని పుచ్చినది ఎక్కడ? గాలి తగలనిచ్చిన చోట. తగరం పూత పూసిన రాగి తీగ దొరుకుతుంది. కొసలకు సరియైన లగ్గులు నొక్కి, పైన జిగురుతో వేడికి ముడుచుకొనే గొట్టాలు తొడగవచ్చు. ఉప్పునీటి మీద తిరిగే పడవలలో సైతం ఇవన్నీ చేసి సెట్లు పాడించుకొంటున్నారు. మంచినీటి గోదావరి మీద నింద వేయడం అత్త మీద కోపం దుత్త మీద చూపడమే.

"బాడీ ఎర్తు కార్లలో లేదా?" అంటారు. వున్నది. కారు నీళ్ళలో నిలబడి వుండదు. నీటిలో మునిగి వున్న ఇనుప దేహంలో నుండి కరెంటు పారనిస్తే అది దారి తప్పిన చోటల్లా ఇనుమును తింటుంది. సెట్టు ఆగకపోయినా సరే, ఆ ఒక్క కారణం మీదనే ఆ బోల్టును నిషేధించవలసినది.

సెట్టు దోషం ఎన్నడూ వుండదని నేననడం లేదు. అట్లా అంటే నేనూ ఆ మెకానిక్కు జాతివాణ్ణే అవుతాను. చూడటం తెలిసినవానికి సెట్టు తానే కొంత చెబుతుంది. దీపం, అంకెలు వెలుగుతూనే వుండి ధ్వని మాత్రం పోతే ఆంప్లిఫైయరు వైపు చూడాలి. అది వేడెక్కి ఆగివుండవచ్చు; లేదా 4 ఓముల బాక్సులు నాలుగింటిని పక్కపక్కన కలిపి ఒక్క ఓముకు దించిన పుణ్యాత్ముడు ఎవరైనా వుండవచ్చు. బాక్సు తీగ ఎక్కడైనా ఒరుసుకొని ఇనుమును తాకినా ఇంతే. ధ్వని మాత్రమే తెగితెగి వస్తూ, పాట సెల్‌ఫోను నుండి బ్లూటూతు ద్వారా వస్తూ వుంటే, ఆ ఫోను గంతులు వేసేవాని వెనుక జేబులో వున్నదేమో చూడాలి. మనిషి దేహంలోని నీరు ఆ తరంగాలను మింగుతుంది. దీపం మసకబారి ఆరి, సెట్టు మొదటి నుండి లేచిందా, వోల్టేజి కుంగినది. గడియారమూ, గుర్తుంచుకొన్న స్టేషన్లూ కూడా చెరిగిపోయాయా, దాని పసుపు తీగకు సరఫరా పూర్తిగా తెగినది. మా లాంచీ సెట్టు రెండేళ్ళుగా మసకబారి ఆరుతూనే వున్నది. ఎవరూ దాని ముఖం చూడలేదు, నెత్తిన కొట్టారు.

సెట్టు ఖరీదు తక్కువ, తీగలు మార్చడానికి లాంచీ రెండు రోజులు రేవులో వుండాలి, సీజనులో అది కుదిరే పని కాదు అని మా మేనల్లుడు అన్నాడు. ఈ ఒక్క వాదాన్ని నేను తేలికగా తీసుకోను. జీతాలు ఇవ్వవలసినవాడు, అప్పు కట్టవలసినవాడు అతడు. పింఛను తీసుకొంటూ ఒడ్డున కూర్చున్న నాకు రెండు రోజుల బాడుగ విలువ తెలియదు. కాని లెక్క చెబుతున్నప్పుడు మొత్తం లెక్క చెప్పాలి. మూడు సెట్ల ఖరీదు, మూడుసార్లు మెకానిక్కు రాకపోకలు, ఆ కుర్రవాని బకెట్టు. చివరిది ఏ ఖాతాలోనూ వ్రాయలేదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర జరిగిన ఘోరం ఈ తీరం మరువదు. వరద గోదావరిలో విహారపు పడవ మునిగి సుమారు యాభైమంది ప్రాణాలు పోయాయి. దానిని నా వాదానికి సాక్ష్యంగా లాగడం అధర్మం. దానికి తీగలతో సంబంధం లేదు. ఆనాటి నుండి లాంచీ ఎక్కేవారి కళ్ళు లైఫ్ జాకెట్ల మీదకు పోతున్నాయి, మంచిదే. మా లాంచీ కదలక ముందు రేవులో జాకెట్లు లెక్కపెట్టడం నేను కళ్ళారా చూశాను. జాకెట్టు పడవ మునిగిన తరువాతి మాట. పంపు అంతకు ముందరి మాట. ఆ రోజు జాకెట్లు లెక్కపెట్టిన వారెవరూ పంపుకు ఎన్ని వోల్టులు అందుతున్నాయని అడగలేదు.

ఇక నావంటి పాత తలకాయల సంగతి. "పాట ఆగితే పీడ విరగడ, బాగు చేయించడం దేనికి?" అని ఒక పండిత మిత్రులు పరిహాసం చేశారు. ఆ పరిహాసం నాదే, కొన్ని నెలల క్రిందటి వరకు. పాటలు వద్దనుకొంటే మీట నొక్కి ఆపించే వాదం చేయండి. నేనూ మీ ప్రక్కన నిలబడతాను. పుచ్చిన తీగ మన రుచికి అనుకూలంగా తీర్పు చెప్పినదని దానిని పోషించడం మాత్రం రసజ్ఞత కాదు. పైగా ఆ సెట్టులోంచే కదా గైడు మైకులో జాగ్రత్తలు చెప్పేది! అందరూ ఒక ప్రక్కకు పోయి ఫోటోలు తీసుకోవద్దని అరవవలసిన క్షణాన అది ఆగితే?

చివరకు రేవులో లాంచీ మూడు రోజులు ఆగింది. 10 చదరపు మిల్లీమీటర్ల తీగ రెండు వరుసలు, ధనానికొకటి, ఋణానికొకటి, సెట్టుకు వేరుగా వేయించాము. పోనురాను 24 మీటర్లకూ నిరోధం 0.044 ఓములు; 8 ఆంపియర్లకు 0.35 వోల్టుల నష్టం. పడవలలో ముఖ్యమైన పరికరాలకు వోల్టేజి నష్టం నూటికి 3 దాటరాదని అమెరికా పడవల ప్రమాణాలలో వున్నది; 12కు అది 0.36. సెట్టుకు అంత పట్టింపు అక్కరలేదు, నూటికి 10 వరకు సరిపెట్టుకోవచ్చు. అయినా ఈ ఇంటి మీద నాకు నమ్మకం తక్కువ. సెట్టు తీగలోంచి రేపు మరొకటి తగిలించరని ఏమి హామీ? పంపుకు బ్యాటరీ దగ్గర నుండి దాని తీగ దానికే, దాని ఫ్యూజు దానికే. బాడీ ఎర్తు బోల్టును ఖాళీగా వదిలేయించాను. పాటకు వేరొక బ్యాటరీ పెట్టించాము. ఇంతకు ముందు ఇంజనును లేపేదీ, పాట పాడేదీ ఒకే బ్యాటరీ. పేరంటాలపల్లి దగ్గర ఇంజను ఆపి గంటసేపు పాటలు పెట్టి, ఆ తరువాత ఇంజను లేవకపోతే ప్రవాహానికి ఎదురుగా ఏ పాట పాడేవారో.

ఖర్చు మూడు సెట్ల ఖరీదు కన్నా తక్కువే అయింది. పాత సెట్లలో ఒకటి ఇంజను గదిలో మూలపడి వుంటే అదే తగిలించాము. బ్రహ్మాండంగా పాడింది. మా మేనల్లుడు నా వంక చూడలేదు.

మీటరును మిత్రులు ఆ కుర్రవాని చేతిలో పెట్టి వాడటం నేర్పారు. ఒక్క పూటలో నేర్చుకొన్నాడు. లాంచీ కదలడానికి ముందు రెండు బ్యాటరీలూ, పంపు తిరుగుతుండగా పంపు దగ్గరా కొలిచి ఇంజను గది తలుపు మీద సుద్దముక్కతో వ్రాయడం అతని పని. 12.6 వుంటే నిండు, 12.2కు వచ్చిందంటే సగం ఖాళీ అని తలుపు పైభాగాన నేనే వ్రాసి వచ్చాను, గుండ్రని అక్షరాలలో. సరంగు దానిని చూసి నవ్వాడట. నవ్వనివ్వండి.

మొన్న ఫోనులో కుర్రవాడు అంకెలు చదివి వినిపించాడు. పాట హోరు మీద వుండగా పంపు దగ్గర 12.1. బకెట్టు ఏమైందని అడిగాను. "ఉందండి, డెక్కు కడగడానికి వాడుతున్నామండి" అన్నాడు. తరువాత కొంచెం గొంతు తగ్గించి, సెట్టు ఇప్పుడు ఆగడం లేదు గనుక వాటాదారులు మరో రెండు బాక్సులూ, ఇంకొక పెద్ద ఆంప్లిఫైయరూ తెప్పిస్తున్నారని చెప్పాడు. అది ఎన్ని ఆంపియర్లు లాగుతుందో దాని వెనుక వ్రాసివుంటుంది, బిగించక ముందే చూసి నాకు చెప్పమన్నాను.